దీపావళికి సాంచాలు బంద్.. సముద్రం కాడ బస ఎక్కడ?

భివండి: దీపావళికి సాంచాలు ఆగుతాయి. పద్మనగర్‌లో ఊరికి పోయేటోళ్లు పోతారు. ఉండిపోయినవాళ్ల ఇళ్లల్లో పిల్లల పోరు మొదలవుతుంది.. సముద్రం చూపించమని. కరీంనగర్, వరంగల్, నల్గొండ నుంచి వచ్చిన మనకు చెరువే సముద్రం. ఇక్కడేమో కొంకణ్ తీరం ఒక్కరోజు ప్రయాణమే. అలీబాగ్, కాశీద్ సెలవుల్లో ముంబయి జనంతో నిండిపోతాయి. ఇంకాస్త దిగువన రాయ్‌గఢ్ జిల్లా శ్రీవర్ధన్ తాలూకా కొంత నయం. కాకపోతే అవి చిన్న ఊళ్లు. రాత్రిపూట పిల్లాజెల్లాతో దిగి గది వెతుక్కుంటామంటే కుదరదు.

ఇంటి భోజనం.. ఇంటి బస

కొంకణ్‌లో ఇంటివాళ్లే గదులిచ్చి వండిపెడతారు. మరాఠీలో 'ఘర్‌గుతీ' అని అడిగితే చాలు. దివేఆగర్‌లో పోకతోటల మధ్య ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. మనిషికి ఎంత, భోజనం కలిపా విడిగానా, బస్సు దిగాక ఎంత దూరం నడవాలి.. ఇవన్నీ ఫోన్‌లోనే తేల్చుకోవాలి. చేపలు వండుతారా అని కూడా అడగండి. కొన్ని ఇళ్లల్లో శాకాహారమే. ఆ ఇంటికి చేపలు పట్టుకుపోతే బాగుండదు. ఉకడీచే మోదక్ (ఆవిరి మీద ఉడికించే కుడుములు) తినాలనుంటే ముందే చెప్పిపెట్టాలి. పాత సమాచారం నమ్ముకోవద్దు. 2020 జూన్ 3న 'నిసర్గ' తుపాను ఈ తీరంలో తోటలను పడగొట్టింది, పైకప్పులను లేపేసింది. అంతకుముందు పోయొచ్చినవాళ్లు చెప్పిన ఇల్లయితే మళ్లీ కనుక్కోవడం మంచిది. చేతిలో నగదు ఉంచుకోండి. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు.

తిథి చూసి దిగాలె

గది అద్దాల్లోంచి అలలు కనబడతాయా అని అడిగేవాళ్లే ఎక్కువ. అసలు అడగాల్సింది వేరే ఉంది. 'భర్తీ కితీ వాజతా?'.. అంటే పోటు ఎన్ని గంటలకు అని. ఆటును 'ఓహోటీ' అంటారు. ఇంటాయన ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెబితే, ఎక్కడ దిగొచ్చో ఎక్కడ దిగొద్దో చూపిస్తే ఆ ఇల్లే ఖాయం చేసుకోండి. విశాఖ బీచ్ చూసినవాళ్లకు కూడా ఇది కొత్తే. అక్కడికంటే ఇక్కడ ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. 2016 ఫిబ్రవరి 1న మురూడ్‌లో పుణె కాలేజీ విద్యార్థులు 14 మంది సముద్రంలో కొట్టుకుపోయారు. వాళ్లంతా చదువుకున్న పిల్లలే.

లెక్క మన గోడ క్యాలెండర్‌లోనే ఉంది. అమావాస్య, పున్నమి రోజుల్లో ఈ తీరాన పోటు సుమారు పగలు పన్నెండుకు, మళ్లీ అర్ధరాత్రికి. ఆ తర్వాత రోజుకు ముప్పావుగంట చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అష్టమి నాటికి పొద్దున, సాయంత్రం ఆరు ప్రాంతంలో వస్తుంది. దీపావళి అమావాస్యే కదా! అంటే మనవాళ్లు బస్సు దిగి, అన్నం తిని, నీళ్లలోకి ఉరికే వేళకు పోటు తిరిగి నీరు లోపలికి లాగుతుంటుంది. ఆ పూట పిల్లలను ఒడ్డునే ఆపాలె.

హరిహరేశ్వర్‌కు పోయేటోళ్లకు ఇది మరీ ముఖ్యం. గుడి వెనక ప్రదక్షిణ దారి మెట్లు దిగి సముద్రపు రాళ్ల మీదుగా సాగుతుంది. ఆటు ఉన్నప్పుడే నడవాలి. పండగ రోజుల్లో తెల్లారగానే పోతే మేలు. ఎంటీడీసీ రిసార్టు ఉన్నా, ముసలివాళ్లు వెంట ఉంటే గుడి దగ్గరి ఇళ్లే సుఖం.

బైకులున్న కుర్రాళ్లు బాగ్‌మాండలా దగ్గర బండితో సహా పడవెక్కి సావిత్రి ఖాడీ దాటితే అవతల వేశ్వీ. అక్కడి నుంచి వేళాస్ ఊరికి పోవచ్చు. అక్కడ పెద్ద హోటళ్లు లేవు, ఊరివాళ్ల ఇళ్లే బస. తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే ఉత్సవం 2006 నుంచి జరుగుతోంది. అయితే అది దీపావళికి కాదు, ఎండాకాలం ముందు. ఫిబ్రవరి తర్వాత అడిగి పోవాలి.

బండి లేనివాళ్లకు దివా-సావంత్‌వాడి రైలు ఉంది. మాణ్‌గావ్‌లో దిగితే శ్రీవర్ధన్ వైపు ఎస్టీ బస్సులు దొరుకుతాయి. తిరుగు బస్సు చివరిది ఎన్నింటికో దిగినప్పుడే అడిగి రాసుకోండి.