బరువు లాగు ట్రాక్టరు – ఇంజను అరుగుదల

కోతలు ముగిసి నూర్పిళ్లు సాగు దినములలో ట్రాక్టరునకు పొలములో కంటె బాటమీదనే పని యెక్కువ. వడ్లు, చెఱకు, ఎరువు, ఇటుక, ఇసుక, ఏది తరలింపవలసినను వెనుక ట్రక్కు తగిలించి ప్రొద్దు గ్రుంకువఱకు లాగించుచుందుము. ఇట్టి వేళ రైతులు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. బరువుతో గంటల తరబడి యింజను వడిగా తిరిగినచో త్వరగా అరిగిపోవునా యని. ఈ భయముచే కొందఱు ఎల్లప్పుడును పెద్ద గేరు వేసి యింజనును మూల్గించుచు నడుపుదురు. మఱికొందఱు భయమన్నది లేక చేతి యాక్సిలరేటరును తుదవఱకు లాగి విడిచి, పల్లపుబాటలలో సైతము తగ్గింపరు. ఈ రెండు పద్ధతులును నష్టదాయకములే. సంగతి యెట్టిదో విచారింతము.

వడివలన కలుగు అరుగుదల

పిస్టను నడక 110 మిల్లీమీటర్లు గల యింజనును తీసికొందము. అది నిమిషమునకు 2000 చుట్లు తిరిగినచో, చుట్టునకొకమాఱు పైకిని ఒకమాఱు క్రిందికిని పోవు పిస్టను నిమిషమునకు 440 మీటర్లు, అనగా గంటకు 26 కిలోమీటర్లకు పైగా పరుగిడును. 1500 చుట్లయినచో గంటకు సుమారు 20 కిలోమీటర్లు. చుట్లు హెచ్చినకొలది రాపిడి దూరము హెచ్చునని దీనివలన తెలియుచున్నది. అంతియ కాదు. పిస్టను పైకి పోయి ఆగి క్రిందికి మరలునప్పుడు కనెక్టింగు రాడ్డుపై పడు గుంజుడు చుట్ల వర్గము ననుసరించి పెరుగును. 1500 నుండి 2000 చుట్లకు పోయినచో వడి మూడవవంతే పెరిగినను, గుంజుడు ముప్పాతిక వంతునకు పైగా పెరుగును.

అయినను భయపడ పనిలేదు. తయారుచేసినవారు ఈ బలములను లెక్కించియే యింజను చుట్లకు మితి నేర్పఱచిరి. మన దేశపు ట్రాక్టర్లలో పెక్కింటికి ఈ మితి 2000 మొదలు 2200 వఱకు నుండును. మితికి లోపల, చల్లదనమును శుభ్రమైన నూనెయు నున్నంతకాలము, ఇంజను గంటల తరబడి తిరుగగలదు.

మూల్గించుటవలని కీడు

క్రాంకు కడ్డీ బేరింగులో నేరుగా రాచుకొని తిరుగదు. రెంటి నడుమ వెండ్రుక కంటె పలుచని నూనెపొర యుండును. కడ్డీ వడిగా తిరిగినకొలది నూనెను తనతో లోనికి లాగికొని ఆ పొరపై తేలును. పెద్ద గేరులో, తక్కువ చుట్లతో, అధికమైన బరువు నీడ్పించునప్పుడు సిలిండరులోని దెబ్బ బలముగా నుండును గాని పొర పలుచబడును. అప్పుడు లోహము లోహమును తాకును. గాలి చాలక చమురు సరిగా మండదు. నల్లని పొగ వెడలును, మసి నూనెలో కలియును. చమురు మిగులుచున్నదని తలచి చేయు ఈ పొదుపు బేరింగులకు చేటగును.

ఎంత బరువునకు ఎంత బలము

75 కిలోల వడ్లబస్తాలు 60 వేసితిమనుకొందము. అవి నాలుగున్నర టన్నులు. ట్రాక్టరు రెండు టన్నులు, ట్రక్కు ఒకటిన్నర. మొత్తము ఎనిమిది టన్నులు. చదునైన తారుబాటపై దీనిని లాగుటకు సుమారు 160 కిలోల లాగుడు చాలును. గంటకు 20 కిలోమీటర్ల వడితో పోయినను చక్రములవద్ద 12 అశ్వశక్తుల పని మాత్రమే. కాని ఇరువది అడుగులకు ఒక అడుగు లేచు కాలువగట్టు ఎక్కవలసివచ్చినచో లాగుడునకు మఱి 400 కిలోలు చేరును. అప్పుడు గంటకు 15 కిలోమీటర్ల వడికి 31 అశ్వశక్తులు కావలెను. 10 కిలోమీటర్లకు తగ్గించినచో 21 చాలును. కావున ఎత్తు రాకమునుపే చిన్న గేరునకు దిగవలెను. గట్టు నడుమ యింజను కుంగిన పిదప గేరు మార్చబోవుట, క్లచ్చిని సగము త్రొక్కి లాగించుట, రెండును కూడవు.

పల్లమున మఱింత జాగ్రత్త

ఇంజను మితిమీఱకుండ గవర్నరు కాపాడునని నమ్మి యుండరాదు. గవర్నరు చమురును తగ్గింపగలదు గాని, వెనుకనుండి ట్రక్కు త్రోయుచుండగా చక్రములే యింజనును త్రిప్పినచో నాపజాలదు. అప్పుడు చుట్లు మితిని దాటును. వాల్వులు సకాలమున మూసికొనక పిస్టనునకు తగులవచ్చును. అట్లని న్యూట్రలులో విడుచుట ప్రాణాపాయము. దిగకముందే తగిన గేరు వేసి, రెండు బ్రేకు పెడళ్లను ఒకటిగా జోడించి, వడిని మొదటినుండియు అదుపులో నుంచవలెను.

అసలైన శత్రువులు

దుమ్ము, వేడిమి, మలినమైన నూనె, ఈ మూడును చుట్లకంటె నెక్కువ కీడు చేయును. నేలదుమ్ములోని ఇసుకరేణువు రింగులను, సిలిండరును సానఱాయివలె నరుగదీయును. కావున ఈ క్రింది నియమములను పాటింపవలెను.

1. నూనెతొట్టి గల ఎయిర్ క్లీనరును మట్టిబాటల పని దినములలో ప్రతిదినము చూచి, అడుగున మడ్డి పేరినచో కడిగి క్రొత్త నూనె పోయవలెను. ముందు పోవు బండి దుమ్ములో వెంబడింపరాదు.

2. ఉదయము ఇంజను కదలింపకముందే నూనె కొలత కడ్డీని చూడవలెను. నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని గ్రహించి బండిని నిలుపవలెను.

3. చల్లని యింజనుపై వెంటనే బరువు వేయరాదు. కొంతసేపు మెల్లగా నడిపి వేడెక్కనీయవలెను.

4. రేడియేటరు జాలిలో చిక్కిన ఊకను, గడ్డిని దినదినము తీసివేయవలెను. వేడిగా నున్నప్పుడు దాని మూత తెఱువరాదు.

5. నూనెను తయారుదారు చెప్పిన గంటలకు తప్పక మార్చవలెను.

6. బరువు లాగిన వెంటనే యింజనును ఆపక, రెండు మూడు నిమిషములు మెల్లగా తిరుగనీయవలెను. టర్బో గల యింజనులకు ఇది మిక్కిలి ముఖ్యము.

సంఘసభ్యులకు

అప్పుపై కొన్న ట్రాక్టరు అప్పు తీరకముందే మూలబడినచో, వాయిదా సొమ్మును మరమ్మతు సొమ్మును ఒక్క పంటనుండియే తీయవలసివచ్చును. అద్దెకిచ్చు సంఘపు ట్రాక్టరుల విషయమున నష్టము సభ్యులందఱిది. కావున ప్రతి బండికి ఒక పుస్తక ముంచి, నడిచిన గంటలు, నూనె మార్చిన తేది, క్లీనరు కడిగిన తేది డ్రైవరుచేతనే వ్రాయించవలెను. ఎంత బరువు వేయవలెనో యజమాని చెప్పవలెను గాని, బాడుగకు వచ్చినవాడు నిర్ణయింపరాదు. ఇంజను పాట వినుట నేర్చిన డ్రైవరు సంఘమునకు ధనమువంటివాడు. మూల్గినచో గేరు దించి, అఱచినచో వడి తగ్గించి, సమముగా పాడునట్లు నడుపు నట్టివానిని ఆదరింపుడని సభ్యులను కోరుచున్నాము.