పరీక్షామందిరంలో యంత్రనేత్రం

పల్నాడు జిల్లాలో నాగులేటి ఒడ్డున ఉన్న దాచేపల్లి పరిసరాలు పత్తికీ, మిరపకూ పేరుపొందినవి. మిరప కల్లాలలో కూలీలు వరుసగా కూర్చుండి, రంగు తప్పిన తాలుకాయలను మంచికాయల నుండి ఏరి వేరుచేస్తుంటారు. అనుమానం కలిగిన కాయను చేతిలోనికి తీసుకొని, త్రిప్పి చూచిన తరువాతనే ప్రక్కకు వేస్తారు. ఈ ప్రాంతపు విద్యార్థి పరీక్ష వ్రాసేటప్పుడు అతనిని గమనించే పనిలో మానవునితోపాటు యంత్రం కూడా పాలుపంచుకొనే రోజులు వచ్చాయి. అనుమానం కలిగినప్పుడు త్రిప్పి చూచే ఆ ఓర్పు యంత్రానికి ఉన్నదా అనేది ఇక్కడ ప్రశ్న.

గదికొక ఇన్విజిలేటరు, అకస్మాత్తుగా వచ్చే ఫ్లయింగ్ స్క్వాడ్, వీటికి తోడు 1997 నాటి రాష్ట్ర పరీక్షల అక్రమాల నిరోధక చట్టం – చాలాకాలం ఇవే పరీక్షలకు కాపలా. తరువాత సీసీ కెమెరాలు వచ్చాయి. 2025 మార్చిలో తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు పరీక్షా కేంద్రాల కెమెరాలను హైదరాబాదులోని తన నియంత్రణ కేంద్రానికి అనుసంధానించింది. అయితే వేలాది గదుల దృశ్యాలను రెప్పవేయక చూడడం మనుషులకు సాధ్యం కాదు. కృత్రిమ మేధస్సు అవసరం ఇక్కడే ఏర్పడింది. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2024 జూన్‌లో ముఖ గుర్తింపు, కృత్రిమ మేధస్సుతో కూడిన కెమెరా నిఘా కోసం టెండర్లు పిలిచింది.

ఈ యంత్రం పనిచేసే తీరు విచిత్రమైనదేమీ కాదు. అనేక వీడియో దృశ్యాలను చూపించి, మామూలు కదలిక ఏదో, అసాధారణమైన కదలిక ఏదో దానికి ముందుగా నేర్పుతారు. తల ప్రక్కకు తిరగడం, చేయి బల్ల క్రిందికి పోవడం, ఖాళీగా ఉండవలసిన చోట మరొక మనిషి నిలబడడం వంటి వాటిని అది అంకెలుగా మార్చుకొని, ఒక హద్దు దాటగానే అధికారిని హెచ్చరిస్తుంది. మరచిన సూత్రం గుర్తు తెచ్చుకొనడానికి పైకప్పు వైపు చూచిన విద్యార్థి మనస్సులో ఏమున్నదో మాత్రం దానికి తెలియదు.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. 10,000 మంది పరీక్ష వ్రాశారనీ, వారిలో 50 మంది కాపీ కొట్టారనీ అనుకుందాం. యంత్రం ఆ 50 మందినీ పట్టుకొన్నదనీ, నిజాయితీపరులలో నూటికి ఒక్కరి విషయంలో మాత్రమే పొరబడిందనీ భావిద్దాం. మిగిలిన 9,950 మందిలో సుమారు 100 మంది అనుమానితుల పట్టికలో చేరుతారు. అంటే ఆ పట్టికలోని ప్రతి ముగ్గురిలో ఇద్దరు నిర్దోషులే! నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఒప్పు అనిపించుకొన్న యంత్రం ఇంత అన్యాయం చేయగలదని పైకి తోచదు. అందువలన హెచ్చరిక వచ్చిన దృశ్యాన్ని మానవుడు మరల చూడాలి. విద్యార్థి చెప్పుకొనేది వినాలి. అంతకుముందే జవాబుపత్రం లాగుకొనడం తగదు.

ముఖాల విషయంలో మరొక చిక్కు ఉన్నది. జాయ్ బూలంవీనీ, టిమ్నిట్ గెబ్రూ 2018లో ప్రకటించిన పరిశోధనలో, ముఖాన్ని చూచి స్త్రీయో పురుషుడో తేల్చే వాణిజ్య సాఫ్ట్‌వేర్లు తెల్లని పురుషుల విషయంలో నూటికి ఒకటి కంటె తక్కువగా పొరబడగా, నల్లని స్త్రీల విషయంలో ఒక సాఫ్ట్‌వేరు 34.7 శాతం వరకు పొరబడింది. తరువాత ఆ లోపాలు కొంత సరిదిద్దబడినా, యంత్రానికి నేర్పిన ముఖాలలో ఎవరివి ఎక్కువ, ఎవరివి తక్కువ అని అడుగవలసిన అవసరం తీరలేదు. ఎండలో పెరిగిన పల్లెపిల్లలకు ఇది దూరపు సంగతి కాదు.

ఇంతకూ కెమెరా కాపలా కాసేది గదిలోపలనే. 2016 జూలైలో జరిగిన తెలంగాణ ఎంసెట్–2 వైద్యవిద్యా ప్రవేశపరీక్ష రద్దయినది ఎవరో ప్రక్కవారి జవాబులు చూచినందువలన కాదు. ప్రశ్నపత్రం పరీక్షకు ముందే బయటికి పోయినందువలన. నిజాయితీగా వ్రాసినవారు సైతం ఆ సెప్టెంబరులో మరల పరీక్ష వ్రాయవలసి వచ్చింది.