కానుక ఇస్తే వ్యాధి నయమగునా?



మా వార్డులలో రోగుల తలగడ ప్రక్కన మూడు వస్తువులు తరచుగా చూస్తుంటాము. ఒకటి బైబిలు, రెండవది మందుల చీటీ, మూడవది ఏదో ఒక స్వస్థత కూటంలో ఇచ్చిన చిన్న నూనె సీసా. ఈ మూడూ కలిసి ఉన్నంతవరకు మాకు అభ్యంతరం లేదు. కాని మందుల చీటీ మాయమై నూనె సీసా మాత్రమే మిగిలినప్పుడు, దానితోపాటు ఇంట్లో డబ్బు కూడా పోయినప్పుడు, చూస్తూ ఊరుకోవడం మాకు తగదు. అందుకే ఈ సంచికలో ‘సమృద్ధి సువార్త’ అనే బోధను గురించి వ్రాస్తున్నాము.

ఏమిటీ బోధ?

దేవుని బిడ్డలకు ధనం, ఆరోగ్యం రెండూ హక్కు. నోటితో ఒప్పుకొని, దైవసేవకునికి కానుకను విత్తనంగా ఇస్తే అది అనేక రెట్లు తిరిగి వస్తుంది. క్లుప్తంగా చెప్పాలంటే ఇదే ఆ బోధ. ఇది అమెరికాలో కెన్నెత్ హేగిన్ (1917–2003) వంటి బోధకుల ద్వారా పెరిగింది. ఓరల్ రాబర్ట్స్ 1970లో వ్రాసిన పుస్తకంతో ‘విత్తన విశ్వాసం’ అనే మాట బాగా వ్యాపించింది. 2006లో టైమ్ పత్రిక అక్కడి క్రైస్తవులను అడిగినప్పుడు, మనం ఐశ్వర్యవంతులం కావాలని దేవుడు కోరుతున్నాడని 61 శాతం మంది అన్నారు. దేవునికి డబ్బిస్తే ఆయన ఇంకా ఎక్కువ డబ్బిస్తాడని 31 శాతం మంది నమ్మారు. మన ఇండ్లలోకి ఈ మాటలు మొదట కేబుల్ టీవీలో వచ్చాయి. ఇప్పుడు చేతిలోని సెల్‌ఫోనులోకే వచ్చాయి. ప్రసంగం క్రిందనే డబ్బు పంపవలసిన నంబరు కూడా కనిపిస్తుంది.

ఇంత ఆదరణ ఎందుకు?

ఆ కూటాలకు వెళ్లేవారిని వెక్కిరించడం సులువు. కాని వారి ఇబ్బందులు నిజమైనవి. కౌలుకు చేసిన చేను నీట మునుగుతుంది. రొయ్యల చెరువుకు తెగులు తగులుతుంది. కువైట్ వీసా కోసం ఏజెంటుకు కట్టిన సొమ్ముకు వడ్డీ పెరుగుతుంది. పిల్ల పెళ్లి దగ్గర పడుతుంది. తరతరాలుగా ఊరి చివర పేటలో తలవంచుకొని బ్రతికిన కుటుంబానికి, మీకూ మంచి రోజులున్నాయని ఒకరు మైకులో చెబితే ప్రాణం లేచివస్తుంది. పైగా ఆసుపత్రిలో టోకెన్ నంబరు పిలుస్తారు. అక్కడ పేరు పెట్టి పిలిచి తలమీద చెయ్యి వేస్తారు. ఆ ఆదరణ కోసమే సగం మంది వెళుతున్నారని మా అభిప్రాయం. ఆసుపత్రులూ సంఘాలూ ఆలోచించవలసిన మాట ఇది.

మా కళ్లముందు జరుగుతున్న నష్టం

చిన్న వయసులో షుగరు వచ్చి ఇన్సులిన్ మీదే ఆధారపడినవారు, ‘స్వస్థత పొందాను’ అని సూది మానేస్తే కొద్దిరోజులలోనే వాంతులు, ఆయాసం మొదలై స్పృహ తప్పుతారు. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే, ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. టి.బి. రోగికి రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్లు బాగుపడుతుంది. అది స్వస్థతకు సాక్ష్యమని మందులు ఆపితే, మిగిలిన క్రిములు మందుకు లొంగని రకంగా మారి ఇంట్లో పిల్లలకు కూడా అంటుకోవచ్చు.

ఇంకొక నష్టం ఏ పరీక్షలోనూ కనబడదు. భర్తకు కిడ్నీలు పాడైతే పుస్తెలతాడు తాకట్టు పెట్టి విత్తన కానుక ఇచ్చిన ఒక సోదరి, “మా విశ్వాసంలోనే లోటుందేమోనండీ సిస్టరుగారూ” అని అడిగినప్పుడు మాకు నోట మాట రాలేదు. ఈ బోధలో కానుక ఫలిస్తే ఘనత బోధకునిది, ఫలించకపోతే తప్పు రోగిది. జబ్బుతో నలిగిన మనిషి మీద అపరాధ భారం కూడా మోపడం ప్రభువు పద్ధతి కాదు. పుట్టు గుడ్డివాని విషయంలో ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వాని పాపమూ కాదు, వాని తల్లిదండ్రుల పాపమూ కాదని ఆయన తేల్చి చెప్పారు (యోహాను 9).

వాక్యం చూపే మార్గం

నయమాను కుష్ఠు నయమైనప్పుడు ఎలీషా కానుక ముట్టలేదు. వెనుక పరుగెత్తి వెండి, బట్టలు తెచ్చుకున్న గేహజీకి ఆ రోగమే అంటింది (2 రాజులు 5). హిజ్కియాకు దేవుడు ఆయుష్షు పొడిగించినా, పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్పాడు (యెషయా 38). పౌలు తన ముల్లును గూర్చి ముమ్మారు వేడుకున్నా అది తొలగలేదు (2 కొరింథీ 12). త్రోఫిము రోగిగానే మిలేతులో ఉండిపోయాడు (2 తిమోతి 4:20). వీరిలో ఎవరి విశ్వాసం తక్కువ? విధవరాలి రెండు కాసులను గూర్చి చెప్పేవారు, దానికి సరిగ్గా ముందే విధవరాండ్ర ఇండ్లు మింగేవారికి ప్రభువు చేసిన హెచ్చరికను కూడా చదవాలి (మార్కు 12).

మన ప్రాంతపు సాక్ష్యం

1836లో ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పనిచేసి మన డెల్టాలో సువార్తకు పునాది వేశారు. వారు ఐశ్వర్యం చూపించి ఎవరినీ పిలవలేదు. 1842లో గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్, మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదువుకొని తిరిగి వచ్చారు. 1869లో, డెబ్బై దాటిన వయసులో, రాజమండ్రి మిషన్‌ను నిలబెట్టడానికి మళ్లీ వచ్చారు. ప్రార్థన చేసే చేతితోనే మందు కూడా ఇవ్వాలని ఆయనకు తెలుసు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను చుట్టుముట్టి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రాత్రి విశ్వాసం తక్కువైనవారి కొబ్బరిచెట్లు మాత్రమే కూలలేదు.

ఈ బోధను ప్రశ్నించేవారు మనమే కాదు. 2010లో కేప్‌టౌన్‌లో సమావేశమైన లాసాన్ మహాసభ ప్రకటన కూడా ఇది లేఖనాలకు సరిపడదని చెప్పింది.

మా మనవి

1. ప్రార్థన చేయించుకోండి, అడిగితే మా నర్సులు కూడా చేస్తారు. ప్రార్థనకు వెల కట్టేచోట మాత్రం ఆగి ఆలోచించండి.

2. స్వస్థత కలిగిందనిపిస్తే పరీక్ష చేయించండి. షుగరు, బి.పి., కళ్లె పరీక్షల ఫలితం చూసి డాక్టరుగారే మందు తగ్గిస్తారు. మీరుగా ఆపవద్దు.

3. మందుల డబ్బు, పిల్లల ఫీజు, అప్పు తెచ్చిన డబ్బు కానుకగా వేయవద్దు.

4. టి.బి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పెద్ద చికిత్సలకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ (పూర్వపు ఆరోగ్యశ్రీ) వర్తిస్తుందేమో ముందుగా అడగండి.

5. సంఘ పెద్దలారా, పేటలో రోగి ఉన్న ఇంటికి వారానికి ఒకసారైనా వెళ్లండి. పేరు పెట్టి పలకరించండి. మందు వేసుకున్నారా అని అడగండి.

స్వస్థపరచువాడు దేవుడేనని మేమూ నమ్ముతున్నాము. ఆయన కృపకు రసీదు పుస్తకం లేదు. జబ్బు తగ్గినా తగ్గకపోయినా మీరు ఆయనకు ప్రియమైనవారే. ఆ ధైర్యంతో మందు వేసుకోండి, మోకరించండి. ప్రభువు మిమ్మును కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరపున