తీగ లావైతే వేగం పెరగదు!

పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారుకి ఖరీదైన కేబుల్ కొంటే త్వరగా ఛార్జవుతుందనుకుంటారు చాలామంది. నిజానికి వేగాన్ని నిర్ణయించేది కారులోని ఛార్జరే.

బ్రిటన్‌లో 2014లో వచ్చిన మిత్సుబిషి అవుట్‌ల్యాండర్‌నే చూడండి. అది తీసుకునేది 16 ఆంపియర్లే... అంటే దాదాపు 3.7 కిలోవాట్లు. 32 ఆంపియర్ల కేబుల్ తగిలించినా అంతకుమించి తీసుకోదు. ముందుముందు పూర్తి విద్యుత్ కారు కొనే ఆలోచన ఉంటేనే ఆ అదనపు ఖర్చుకి అర్థం.

ముందుగా చూడాల్సింది కారు సాకెట్‌ని. అవుట్‌ల్యాండర్‌ది టైప్-1, యూరప్‌లో ఇప్పుడొచ్చే కార్లలో చాలావాటిది టైప్-2. ఆ తర్వాత పొడవు. కారు నిలిపే చోటు నుంచి ఛార్జింగ్ పాయింటు దాకా కొలిచి, కాస్త ఎక్కువే తీసుకోవాలి. చాలలేదని మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించొద్దు. గంటల తరబడి కరెంటు పారితే వేడెక్కి అంటుకోవచ్చు.

రెండు మీటర్ల తీగ దగ్గర పొదుపు చూసుకుంటే ఇంటికే ముప్పు మరి!