వియోగ దుఃఖానికి యోగం చేయగల ఉపశమనం

భిలాయి ఉక్కు కర్మాగారంలో 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను వద్ద జరిగిన ప్రమాదం పది మందికి పైగా సిబ్బందిని బలిగొన్నది. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 జూన్ 12న విషవాయువు లీకై ఆరుగురు మరణించారు. ఉద్యోగం, క్వార్టరు, పిల్లల చదువు ఒకే సంస్థతో ముడిపడిన టౌన్‌షిప్‌లో ఇంటిపెద్ద దూరమైతే కదిలిపోయేది మనసు ఒక్కటే కాదు.

1955 నాటి సోవియట్ ఒప్పందంతో రూపుదిద్దుకుని, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న ఈ పట్టణంలో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. సెక్టార్-5లోని బాలాజీ మందిరం వారి కూడలి. ఇంట్లో మరణం సంభవిస్తే బంధువులు శ్రీకాకుళం, విజయనగరం నుంచి రైలెక్కి వస్తారు, పెద్దకర్మ ముగిశాక తిరిగి వెళ్తారు. అసలు కష్టం ఆ తరువాతనే మొదలవుతుంది. మాసికాలు, సంవత్సరీకం అంటూ మన పెద్దలు దుఃఖానికి ఏడాది గడువు ఇచ్చింది ఊరికే కాదు. అయితే ఒక మాసికానికీ మరొక మాసికానికీ నడుమ ముప్పై రాత్రులుంటాయి.

యోగం ఆ రాత్రులకు ఏ మేరకు ఉపకరిస్తుంది? పతంజలి యోగసూత్రాల మొదటి పాదం చిత్తవిక్షేపానికి తోడుగా వచ్చే లక్షణాలను పేర్కొంటూ దుఃఖం, మనోవ్యాకులత, దేహపు వణుకు, శ్వాస గతి తప్పడం అనే నాలుగింటిని చెప్పింది. ఆత్మీయులను కోల్పోయినవారికి ఈ వరుస కొత్తగా తోచదు. గొంతు పూడుకుపోవడం, గుండె బరువెక్కడం వారికి అనుభవమే. శ్వాసను నెమ్మదిగా విడిచి నిలపడాన్ని పతంజలి ఒక ఉపాయంగా సూచించాడు. గీతలో తొలి అధ్యాయానికి విషాదయోగమని పేరుండటం, ఆరవ అధ్యాయం దుఃఖంతో తెగతెంపులనే యోగమని నిర్వచించడం కూడా గమనించదగినవే.

ఆధునిక శరీరశాస్త్రం చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. గాలి విడిచేటప్పుడు వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం కొంత తగ్గుతుంది. తీసుకునే శ్వాస కంటే విడిచే శ్వాస దీర్ఘమైతే శరీరం అప్రమత్త స్థితి నుంచి విశ్రాంతి వైపు మళ్లుతుంది. తీవ్ర మానసిక గాయంతో బాధపడుతున్న మహిళలపై అమెరికాలో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, పది వారాల యోగసాధన తరువాత 52 శాతం మందిలో ఆ రుగ్మత నిర్ధారణ స్థాయి కంటే తగ్గింది. యోగం చేయని బృందంలో ఇది 21 శాతమే. అది చిన్న అధ్యయనం, పైగా వియోగ దుఃఖంపై చేసినది కాదు. కనుక దానిని హామీగా భావించరాదు.

సాధన సులువుగా ఉండాలి. భ్రామరి, నాడీశోధన, నెమ్మదైన నడుము, భుజాల కదలికలు, చివర శవాసనం చాలు. శవాసనంలో కన్నీళ్లు రావడం సహజం. కళ్లు మూస్తే ప్రమాద దృశ్యాలు మెదిలేవారు తెరిచే ఉంచవచ్చు. రక్తపోటు, హృద్రోగం ఉన్నవారు శ్వాసను బిగబట్టకూడదు, కపాలభాతి వంటివి వైద్యుని అడగకుండా చేయరాదు. షిఫ్టులు మారే ఇళ్లలో బ్రాహ్మీముహూర్తపు నియమం పెట్టుకోవడం కంటే, ఇంటివారికి కుదిరిన పదిహేను నిమిషాలు నిత్యం పాటించడం మేలు. నలుగురితో కలిసి చేస్తే మరీ మంచిది: ఎవరూ ఏమీ అడగని చోట మనుషుల మధ్య కూర్చోవడమే కొందరికి మొదటి ఊరట.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ప్రమాదంలో పోయినవారి కుటుంబాల దుఃఖంలో న్యాయమైన ఆగ్రహం కూడా ఉంటుంది. భద్రతా లోపాలపై వారి ప్రశ్నలకు సమాధానం ఇవ్వవలసింది యాజమాన్యాలే. ధ్యానం ఆ ప్రశ్నలను అణచే సాధనం కారాదు.

ఆరు నెలలు దాటినా దుఃఖం దైనందిన జీవితాన్ని స్తంభింపజేస్తుంటే, 2022 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ దానిని చికిత్స అవసరమైన స్థితిగా గుర్తిస్తోంది. నిద్ర, ఆహారం పూర్తిగా మానినవారు, బతుకుపై విరక్తి వ్యక్తం చేసేవారు ఆరు నెలలు ఆగకుండా వెంటనే సహాయం కోరాలి. కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ ఉచిత సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనూ అందుబాటులో ఉంది.