మోటుపల్లికి గోడ లేదు

"అక్కా, రేపు నిన్ను అక్కాకి తీసుకెళ్తా" అంది మా చెల్లెలు. వరసా, ఊరి పేరూ ఒకటే కావడం దానికి మహా ముచ్చట. హైఫాలో ఓ పెద్దావిడని కనిపెట్టుకుని ఉండే పని దానిది. ఆ దేశంలో మన తెలుగు ఆడవాళ్ళు చాలామంది చేసేది ఆ పనే. సెలవు శనివారం. ఆ రోజు అక్కడ రైళ్ళు తిరగవు కాబట్టి షేర్ టాక్సీ ఎక్కి, సముద్రం పక్కనే అఖాతం చుట్టి వెళ్ళాం.

నాకు తెలిసిన సముద్రం సూర్యలంకా, వాడరేవూ. ఇసుకలో నడిచీ నడిచీ అలల దగ్గరికి చేరతాం. అక్కాలో నడిచే పనే లేదు. అల నేరుగా వచ్చి రాతిగోడని కొడుతుంది. గోడ మీద పాత ఫిరంగులు. ఆ మీదినుంచే కుర్రాళ్ళు కేకలేస్తూ నీళ్ళలోకి దూకుతున్నారు. ఒడ్డున పడవలు, వలలు. అరబ్బీలో ఈ ఊరు అక్కా, హీబ్రూలో అక్కో, యూరప్ వాళ్ళకి ఏకర్. యునెస్కో 2001లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు కనిపించే గోడలు పద్దెనిమిదో శతాబ్దంలోనూ ఆ తర్వాతా తురుష్కుల పాలనలో కట్టినవి. 1799లో నెపోలియన్ రెండు నెలలు ముట్టడి వేసి, ఊరు దక్కక వెనక్కి మళ్ళాడు. అంతకు చాలా ముందు ఇది క్రూసేడు యోధుల ఊరు. వాళ్ళ విశాలమైన రాతి మందిరాలు నేటి వీధుల కింద ఉన్నాయి. ఓ ఇంటి కింద మురుగు పైపు మొరాయించి తవ్వితే, 1994లో ఏకంగా సొరంగమే బయటపడింది. కోట నుంచి రేవుకి సుమారు 350 మీటర్ల దారి. వంగి నడుస్తూ దాన్ని దాటాం. వెనీసు వాళ్ళు, జెనోవా వాళ్ళు, పీసా వాళ్ళు ఈ ఊళ్ళో ఎవరి పేట వాళ్ళు కట్టుకున్నారు. ఒకే గోడ లోపల ఉంటూ రేవు పెత్తనం కోసం వీధుల్లోనే కొట్టుకున్నారు.

మధ్యాహ్నం సందులో ఓ చిన్న కొట్లో హమ్మస్ తిన్నాం. శనగలు ఉడకబెట్టి మెత్తగా నూరి, నువ్వుల ముద్ద కలిపి, పైన ఆలివ్ నూనె పోస్తారు. మా పర్చూరు, ఇంకొల్లు కోల్డ్‌స్టోరేజీల్లో బస్తాలకు బస్తాలు పడుండే కాబూలీ శనగే కదా ఇదీ అనుకుంటూ తిన్నాను. అప్పుడు చెప్పింది చెల్లెలు: "అక్కా, మార్కో పోలో చైనాకి బయల్దేరింది ఈ ఊరి నుంచేనంట."

అది 1271. పదిహేడేళ్ళ కుర్రాడు, తండ్రీ బాబాయిల వెంట. ఇరవై నాలుగేళ్ళకి, 1295లో, వెనీసులో ఇల్లు చేరాడు. ఆ తర్వాత జెనోవా చెరసాలలో తోటి ఖైదీ రుస్తికెల్లోకి చెబుతూ రాయించిన పుస్తకంలో ముత్ఫిలి అనే రాజ్యం ఉంది. అక్కడి వజ్రాలని మెచ్చుకున్నాడు. బట్ట గురించైతే, సాలెగూడు నేసినట్టుంటుందనీ, ఏ రాజూ రాణీ కట్టుకోనని అనరనీ చెప్పాడు. ఆ ముత్ఫిలి మన మోటుపల్లి. అక్కడ ఒక రాణి ఏలుతున్నదనీ, చనిపోయిన రాజుకి ఆమె భార్య అనీ రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి. ఆమె కాకతీయ గణపతిదేవుడి కూతురన్న సంగతి వెనీసు దాకా చేరలేదు.

పోలో బయల్దేరిన ఇరవై ఏళ్ళకి, 1291 మే 18న, మమ్లూకు సుల్తాను సైన్యం అక్కా గోడ పగలగొట్టుకుని లోపలికి వచ్చింది. రెండు వరసల గోడ కూడా ఆపలేకపోయింది. ఎక్కగలిగిన వాళ్ళు పడవలెక్కి సముద్రం మీదికి పారిపోయారు. చెల్లెలూ నేనూ ఆ సాయంత్రం గోడ మీద కూర్చున్నప్పుడు నాకు మోటుపల్లే గుర్తొచ్చింది. మా ఊరు ప్రత్తిపాడు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రాగలిగిన ఊరు. ఇంత దూరం వచ్చాను గానీ అక్కడికి ఒక్కసారీ వెళ్ళలేదు.

తిరిగొచ్చాక మొదట చేసిన పని అదే. పర్చూరు రోడ్డు పట్టుకుని, ఇంకొల్లు మీదుగా చినగంజాం. దారి పొడుగునా నల్లరేగడి. పత్తి తీసే కూలీలు, కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. చినగంజాం చేరేసరికి నేల తెల్లబడింది, ఉప్పు కొఠార్లు. అక్కడినుంచి ఇసుక. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. బురుజు లేదు, ద్వారం లేదు, ఎక్కి కూర్చోవడానికి గోడా లేదు. వీరభద్రస్వామి గుడి ఉంది. గుడి ముందు రాతిస్తంభం మీద శాసనం ఉంది.

గణపతిదేవుడు దాన్ని వేయించింది 1244లో. అభయశాసనం అంటారు. సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉన్న ఆ శాసనం సారాంశం ఇది. ఒక దేశం నుంచి మరో దేశానికి పోయే ఓడ గాలివానకి పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలన్నీ పూర్వం రాజులు లాక్కునేవాళ్ళు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించిన వర్తకుల మీద దయతో, న్యాయంగా రావలసిన సుంకం తప్ప మరేదీ తీసుకోం. ఎగుమతి మీదా దిగుమతి మీదా ముప్పయ్యింట ఒక వంతు. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పునుగు, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు, వేటి లెక్క వాటికి విడివిడిగా చెక్కించారు. ఆ జాబితాలో మా మిరపకాయ ఉండదు. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో రావడానికి ఇంకా రెండున్నర శతాబ్దాలకు పైనే ఉంది. వచ్చాక మిరియం పేరునే తన పేరు చేసుకుంది.

ఈ రాయి దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. రుద్రమ గుర్రమెక్కి కత్తి పట్టిన విగ్రహాలు మన కూడళ్ళలో ఉన్నాయి. వాళ్ళ నాన్న ఇచ్చిన ఈ మాట సంగతి మా ప్రత్తిపాడు బడిపిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఓడ పగిలి ఒడ్డున పడ్డ పరాయివాడి మీద చెయ్యి వెయ్యనని ఒక రాజు రాతి మీద రాసిచ్చాడు. నా మటుకు నాకు కాకతీయుల గెలుపులన్నిటి కంటే ఇదే పెద్దది. రాజ్యం పోయినా ఆ పద్ధతి పోలేదు. కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో ఇదే ఊళ్ళో వర్తకులకి మళ్ళీ అభయమిచ్చాడు. ఆ వంశంలోని కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకి సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయ్యసెట్టికే శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. చీనా పట్టూ, హొర్ముజు గుర్రాలూ తెప్పించిన వర్తకుడాయన. ఆ కొండవీటి కొండలు మా ఊరికి పడమటన ఉన్నాయి.

ఎండ నెత్తికెక్కింది. ఫోను తీసి చెల్లెలికి వీడియో కాల్ చేశాను. పెద్దావిడకి అన్నం పెట్టి అప్పుడే కూర్చున్నానంది. స్తంభం చుట్టూ తిప్పి చూపించాను. ఏం రాశారని అడిగితే, నాకు తెలిసినంత చెప్పాను.

"ముప్పయ్యో వంతేనా?" అంది.

"అంతే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. దానికీ నాకూ ఒకేసారి గుర్తొచ్చింది మా నాన్న దానికి రాసిచ్చిన ఎకరం పొలం. వీసా ఇప్పిస్తానన్న ఏజెంటుకి కట్టడానికి అమ్మేశాం. వెళ్ళిన కొత్తలో రెండేళ్ళ జీతం మిగతా అప్పుకే సరిపోయింది.

"అక్కా, ఫోను ఇంకొంచెం దగ్గరగా పట్టు. అక్షరాలు కనపడట్లా" అంది.

నా నీడ రాయి మీద పడకుండా పక్కకి జరిగి, పట్టుకున్నాను.