లెక్కల్లో పీహెచ్‌డీ అంటే రోజంతా ఏం చేస్తారు?

మా క్లాసులో ఎవరైనా "మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ చేయాలనుంది" అంటే వెంటనే రెండు ప్రశ్నలొస్తాయి. "ప్లేస్‌మెంట్స్‌కి కూర్చోవా?" అని ఒకటి. "లెక్కల్లో ఇంకా కనిపెట్టడానికి ఏం మిగిలింది?" అని రెండోది. మొదటిది మా నాన్న కూడా అడిగారు. అందుకే కొన్నాళ్లుగా దీని గురించి చదువుతున్నా, మ్యాథ్స్ పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్న మా సీనియర్ అక్కని ఫోన్లో విసిగిస్తున్నా.

రెండో ప్రశ్నకి జవాబు తేలిక. ఫ్రెషర్స్ పార్టీకి ఆరుగురు వచ్చారనుకోండి. వాళ్లలో ఒకరికొకరు తెలిసిన ముగ్గురో, ఒకరికొకరు అస్సలు తెలియని ముగ్గురో తప్పకుండా ఉంటారు. కాగితం మీద గీసి చూడండి. ముగ్గురి బదులు నలుగురు కావాలంటే 18 మంది రావాలి. అయిదుగురు కావాలంటే ఎంతమంది రావాలి? ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు. 43కి తగ్గదు, 46 దాటదు, అంతవరకే తెలుసు. "కోడ్ రాసి చెక్ చేసేద్దాం" అనిపిస్తుంది కదా, నాకూ అనిపించింది. 43 మందిలో జతలు 903. ఒక్కో జతకి తెలుసు, తెలీదు అని రెండు దారులు. అంటే 2 పవర్ 903. మన ల్యాబ్ కంప్యూటర్ల సంగతి వదిలేయండి, ఏ కంప్యూటరూ అన్నీ తిరగేయలేదు.

ఎంసెట్‌లో (పేరు మారినా మనం ఇలాగే అంటాం) 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. జవాబు ఆ నాలుగింటిలోనే ఎక్కడో ఉంటుంది. పీహెచ్‌డీలో ఒకే ప్రశ్నతో నెలలు గడుస్తాయి, దానికి జవాబు ఉందో లేదో కూడా తెలీదు. ప్రశ్న మరీ పెద్దదైతే దాన్ని చిన్నది చేసుకోవడం, మరీ చిన్నదైతే పెంచడం, ఇదే అసలు పని అంటుంది అక్క.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ సి.ఆర్. రావు గారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, కలకత్తా వెళ్లి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడ ఆయన క్లాసు చెబుతుంటే ఒక విద్యార్థి, "ఈ ఫలితం పెద్ద శాంపిల్స్‌కే కదా, చిన్నవాటికి ఇలాంటిది ఉండదా?" అని అడిగాడట. మనవాళ్లయితే "సిలబస్‌లో లేదు" అంటారు. ఆయన ఆ రాత్రి కూర్చుని నిరూపించారు. 1945లో పేపర్ వచ్చింది. ఎంత తెలివైన పద్ధతి వాడినా, పక్షపాతం లేని అంచనాలో తేడా ఒక హద్దు కంటే తగ్గదని అది చెబుతుంది. ఈసీఈ వాళ్లు సిగ్నల్ ప్రాసెసింగ్‌లో చదివే క్రామర్-రావు బౌండ్ అదే. అప్పటికి ఆయనకి పీహెచ్‌డీ లేదు! తర్వాత కేంబ్రిడ్జ్ వెళ్లింది కూడా ఒక మ్యూజియంలో పాత ఎముకల కొలతల మీద పని చేయడానికే. ఆ పని చేస్తూనే ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు.

ఇక రోజువారీ పని. అక్క ముప్ఫై పేజీల పేపర్ ఒకటి చదవడానికి నెల పట్టిందంది. "ఇది స్పష్టమే కదా అని రాసినచోటే నాకు రెండ్రోజులు పోయాయిరా" అంది. ఆమె పద్ధతి ఏంటంటే, ఏ సిద్ధాంతం కనిపించినా ముందు అతి చిన్న ఉదాహరణలో పెట్టి చూడటం, తర్వాత ఒక్కో షరతు తీసేసి ఎక్కడ కూలుతుందో చూడటం. మనం డీబగ్ చేసినట్టే. సెమినార్‌లో బోర్డు ముందు నిలబడి చెప్పడం ఇంకో పెద్ద పని. తనకి అర్థం కానిది అక్కడే బయటపడుతుందట. ల్యాటెక్‌లో టైప్ చేయడం మాత్రం వారంలో వచ్చేస్తుంది, దాని గురించి భయం వద్దు.

మనకి పనికొచ్చేది ఇంకోటి ఉంది. లీన్ అనే భాషలో నిరూపణని కోడ్‌గా రాస్తే కంప్యూటర్ ప్రతి అడుగూ సరిచూస్తుంది. 2023లో గవర్స్, గ్రీన్, మానర్స్, టావో కలిసి రాసిన ఒక కొత్త నిరూపణని కొద్ది వారాల్లోనే అలా సరిచూశారు. ఆ పనికి లెక్కలూ తెలియాలి, ప్రోగ్రామింగూ తెలియాలి.

డబ్బు సంగతి దాచను. జేఆర్ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. నాన్నకి చెబితే "అయిదేళ్లూ అంతేనా?" అన్నారు. అంతే. ఆ తర్వాత కూడా పోస్ట్‌డాక్ అంటూ ఊళ్లు తిరగాలి, ప్రొఫెసర్ ఉద్యోగాలు తక్కువ. అందుకే అక్క రెండో ఏడాది నుంచే పాఠం చెప్పడం, కోడ్ రాయడం, కాన్ఫరెన్స్‌లో తెలియనివాళ్లని పలకరించడం పట్టుదలగా నేర్చుకుంది. మూడోదే కష్టమట.

బీటెక్ వాళ్లకి దారి లేకపోలేదు. టీఐఎఫ్ఆర్ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ పరీక్ష రాయొచ్చు, లేదా జామ్ రాసి ఎమ్మెస్సీ మీదుగా వెళ్లొచ్చు. కాకపోతే మన ఎం-వన్, ఎం-టూల్లో నిరూపణలు దాటేసి ఫార్ములాలకి వెళ్లిపోతాం. అక్కడ నిజంగా వెనకబడి ఉన్నాం.

నేను ఇంకా తేల్చుకోలేదు. ప్లేస్‌మెంట్ ఫారం టేబుల్ మీదే ఉంది, పక్కనే రియల్ అనాలిసిస్ పుస్తకం. వారానికి రెండు పేజీలు కదులుతోంది. ఎవరైనా కలుస్తానంటే శనివారం సాయంత్రం లైబ్రరీ పక్క ఖాళీ క్లాస్‌రూమ్‌లో ఉంటా. చాక్‌పీసులు నేను తెస్తా.